'ఇల్లు' అనే ఫోల్డరు

నా పనిలో తప్పు దొర్లితే నాకు ముందు కోపం వస్తుంది. సిగ్గు ఎప్పుడో తర్వాత, ఎదుటివాళ్లు ఆ సంగతి మరిచిపోయాక వస్తుంది. మా మామ విషయంలో మాత్రం సిగ్గు వెంటనే వచ్చింది. వచ్చిందని తెలిసి కూడా నెలన్నర పాటు ఏమీ ఎరగనట్టు తిరిగాను. వేళకు తిన్నాను, ఆఫీసుకెళ్లాను, ఆదివారాలు చర్చిలో కళ్లు మూసుకుని ప్రార్థన కూడా చేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మామ అంటే నా భార్య తండ్రి. రైల్వేలో సిగ్నళ్లు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అత్తమ్మ పోయినప్పటి నుంచి నాచారంలో మా దగ్గరే ఉంటున్నాడు. ముప్పై ఏళ్లు సిగ్నళ్ల దగ్గర గడిపిన మనిషికి ఒక అలవాటు ఉండిపోయింది. ఏ పని చేసినా చివర్న ఒకసారి పరీక్షించి చూడాలి. చూశానని రిజిస్టరులో రాయాలి. రాయకపోతే ఆ పని చేసినట్టు కాదు. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చినా అంతే. రెగ్యులేటరు బిగించి, సబ్బు నురగ పూసి చూసి, పొయ్యి వెలిగించి ఆర్పి, తన పొడుగాటి రిజిస్టరులో తేదీ వేసి రాసేవాడు: 'సిలిండర్ మార్చిన. టెస్ట్ చేసి చూసిన. సరిగ్గ ఉన్నది.'

నేను ఆటపట్టించేవాణ్ణి. "మామా, ఈ సిలిండర్ జూడనీకి ఏ ఇన్‌స్పెక్టర్ వస్తడని రాస్తున్నవ్?"

"ఇన్‌స్పెక్టర్ కోసం గాదు అల్లుడా. రేపు నేనే మర్సిపోతె, నాకు నేనే సెప్పుకోనీకి."

మేం మామా అల్లుళ్లం నువ్వు, నువ్వు అనే పిలుచుకుంటాం. ఆయన మనసు బాగున్నప్పుడు నన్ను 'బిడ్డా' అంటాడు. నాకు కోపం వచ్చినప్పుడు ఆయన్ని 'మీరు' అంటాను. ఆ మర్యాద మా ఇంట్లో ఎవరికీ ఇష్టం ఉండదు.

జనగామ దగ్గర మామవాళ్ల ఊళ్లో, ఆయన చిన్నప్పుడు, వాళ్ల వాడలోని ఆడవాళ్లు నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ యేసు మీద పాటలు కట్టి పాడేవారట. అవే పాటల్ని సాయంత్రం మగవాళ్లు చెక్క చిరుతలు వాయిస్తూ భజన చేసేవారట. ఏ పాటల పుస్తకంలోనూ అవి లేవు. కట్టినవాళ్లకు చదువు రాదు, తర్వాత చదువుకున్నవాళ్లు పట్టించుకోలేదు. మామ వాటిని గుర్తు తెచ్చుకుని, గుర్తురాని చరణాల కోసం ఊళ్లో మిగిలిన ఇద్దరు ముగ్గురు ముసలమ్మలకు ఫోన్ చేసి పాడించుకుని, కంప్యూటర్‌లో ఎక్కించడం మొదలుపెట్టాడు. ఒక్క వేలితో. చర్చి వార్షికోత్సవానికి పుస్తకంగా వేద్దామని పాస్టరుగారు అనడంతో ఆయనకు కాలు నిలవలేదు. మొదట్లో కాగితం మీద రాసుకుని తర్వాత టైపు చేసేవాడు. "రెండుసార్ల పని ఎందుకు మామా, ఫోన్ స్పీకర్‌ల పెట్టుకోని సీదా కొట్టెయ్" అని సలహా ఇచ్చింది నేనే. కాగితాలు ఆగిపోయాయి.

ఇక నా ఘనకార్యం. నాచారం పారిశ్రామికవాడలో మందులకు అట్టపెట్టెలు తయారుచేసే ఒక కంపెనీలో సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. ఆఫీసులో తీసిపారేసిన పాత కంప్యూటర్లు అడిగి తెచ్చుకుని, లైనక్స్ ఎక్కించి, మళ్లీ పరుగులు పెట్టించడం నా పిచ్చి. ఇంట్లో మూడున్నాయి: నాదొకటి, నా భార్యదొకటి, మామదొకటి. నా భార్య ఉప్పల్ దగ్గర సర్కారు బడిలో టీచరు. పిల్లల ప్రశ్నపత్రాలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడో పారేసుకుని, ఇల్లంతా వెతికేది. "ఇంట్ల సర్వర్ల మనిషి ఉండి గూడ నాకీ తిప్పలు తప్పుతలేవు" అని దెప్పేది. ఆ మాట నాకు తగిలింది. సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక శనివారం పనికి కూర్చున్నాను.

వంటింటి సజ్జ మీద ఒక పాత కంప్యూటర్ పెట్టి, దానికి పెద్ద డిస్కులు బిగించి, అందులో ఒక ఫోల్డరును ఇంట్లోని మూడు కంప్యూటర్లకూ పంచాను. పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కో కంప్యూటర్‌లో ముందు ఒక ఖాళీ ఫోల్డరు తయారుచేయాలి. నేను దానికి 'ఇల్లు' అని పేరు పెట్టాను. సజ్జ మీది ఫోల్డరును తెచ్చి దాని మీద తగిలించాలి. మౌంట్ చేయడం అంటారు. తగిలిందంటే, 'ఇల్లు' తెరిస్తే కనిపించేది సజ్జ మీది డిస్కు. తగలకపోతే కనిపించేది ఎవరి కంప్యూటర్‌లో ఉన్న ఖాళీ ఫోల్డరు వాళ్లకే. రెండింటికీ పేరొకటే, బొమ్మ ఒకటే. పైనుంచి చూసి ఏది ఏదో చెప్పలేం. నా పరువంతా ఈ ఒక్క సంగతిలో పోయింది కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్పాను.

మామ కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి నాకు ఆకలి, తొందర. ముందు తగిలించకుండానే ఆయన అప్పటికి ఎక్కించిన పన్నెండు పాటలూ ఆ ఖాళీ ఫోల్డరులో పెట్టేశాను. తప్పు గుర్తొచ్చి, తగిలించి, మళ్లీ పెట్టాను. అడుగున ఉండిపోయిన కాపీ తర్వాత తీద్దాంలే అనుకున్నాను. ఆయనకు ఎక్కడా అడ్డు రాకూడదని ఆ అడుగు ఫోల్డరును ఎవరైనా ఏమైనా రాసుకునేలా తెరిచి ఉంచాను. ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్లు ఇలా చేస్తే నేను ఊరుకోను.

మామ కుర్చీ లాక్కుని కూర్చుని పన్నెండు పాటలూ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. "టెస్ట్ చేసినవా అల్లుడా?"

"చేసిన."

"బంద్ జేసి, మల్ల సాలు జేసి సూసినవా?"

"అక్కర్లేదు మామా. ఇది సిగ్నల్ గాదు."

మర్నాడు ఆయన ఫిర్యాదు తెచ్చాడు. కంప్యూటర్ వేస్తే సాలు కావడానికి, అంటే మొదలవడానికి, చాలాసేపు పడుతోందని. కారణం నాకు తెలుసు. ఆయన గదిలో వైఫై ఆలస్యంగా అందుకుంటుంది, ఈలోగా కంప్యూటర్ సజ్జ మీది డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. నేను నిలబడే, రెండు నిమిషాల్లో, ఒక మాట చేర్చాను. ఆ డిస్కు దొరక్కపోతే ఆగకు, వదిలేసి ముందుకు పో అని దాని అర్థం. వేసి చూశాం. చకచకా తెరుచుకుంది. మామ సంతోషపడ్డాడు, నేను టీ తాగాను. త్వరగా తెరుచుకుందా అని చూశాను గానీ, తగిలిందా అని చూడలేదు.

తగల్లేదు. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా తగల్లేదు. వైఫై అందేలోపే ఆ కంప్యూటర్ సజ్జను వదిలేసి ముందుకు పోయేది. 'ఇల్లు' తెరిస్తే మామకు కనిపించింది అడుగున నేను వదిలేసిన పన్నెండు పాటలు. ఆయనకు అనుమానం రావడానికి నేను ఏ సందూ వదలలేదు. పదమూడో పాట అక్కడే దాచాడు, పద్నాలుగోది అక్కడే దాచాడు. నాలుగు నెలల పాటు రోజూ రిజిస్టరులో రాశాడు: 'ఈ దినం ఒక పాట. సేవ్ చేసిన. బంద్ చేసి మల్ల తెరిచి చూసిన. ఉన్నయ్.' ఆ నాలుగు నెలల్లో నేను నా ల్యాప్‌టాప్‌లో ఆ పాటల ఫోల్డరు ఒక్కసారి తెరిచినా పన్నెండే ఉన్నాయని తెలిసేది. నాకు ఆ పాటల మీద అంత ధ్యాస లేదు. అదీ ఒప్పుకోవాలి.

ఎండలు ముదిరాక, వైఫై సరిగా అందడం లేదని మామ గదికి గోడ వెంట కేబుల్ లాగాను. శుక్రవారం పొద్దున ఆ పని అయింది. సాయంత్రం మా ఇంట్లో కూడిక. చర్చివాళ్లు వారానికో ఇంట్లో చేరి ప్రార్థన చేసుకుంటారు, ఆ వారం మా వంతు. పాస్టరుగారు ఒక అరగంట ముందే వచ్చారు. "పాటలు ఎంతవరకు వచ్చినయన్నా, ఒకసారి సూపించు" అన్నారు. మామ మెరిసిపోతూ కంప్యూటర్ వేశాడు. కేబుల్ ఉంది కాబట్టి ఈసారి సజ్జ మీది డిస్కు వెంటనే తగిలింది. తెరిస్తే పన్నెండు పాటలు.

మామ కిందికి జరిపాడు, పైకి జరిపాడు. మూసి తెరిచాడు. "నూట నలభై మూడు ఉండాలె" అన్నాడు చిన్నగా. నన్ను పిలిచాడు. నేను నా ల్యాప్‌టాప్‌లో చూశాను, సజ్జ మీది డిస్కులో చూశాను, చెత్తబుట్టలో చూశాను. ఎక్కడా లేవు. ఉంటాయి గనకనా? అవి అక్కడికి ఎప్పుడూ రాలేదు. కానీ నా లెక్కలో నా సర్వర్ తప్పు చేయదు. ఇక మిగిలింది మామ వేలు.

"మీరేదో నొక్కిన్రు" అన్నాను. గదిలో పాస్టరుగారున్నారు, నా భార్య ఉంది, అప్పుడే వచ్చిన ఇద్దరు అమ్మలు చాప మీద కూర్చున్నారు.

"నేనేం నొక్కలేదు బిడ్డా. నిన్న గూడ సూసిన. రాసుకున్న సూడు." రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచాడు.

"రిజిస్టర్‌ల రాసుకుంటె కంప్యూటర్‌ల ఉంటయా? అన్ని సెలెక్ట్ జేసి డిలీట్ కొట్టిన్రు. మీకు తెలుస్తలేదంతే."

నా భార్య "జర మెల్లగ మాట్లాడు" అంది. ఆ మాటతో నా గొంతు ఇంకా పెరిగింది. ఏమేం అన్నానో అన్నీ రాయను. ఒకటి మాత్రం రాస్తాను. "పెద్దనాయిన లెక్కనే అయితున్నరు మీరు" అన్నాను. పెద్దనాయిన అంటే మామకు సొంత అన్న, చివరి రోజుల్లో కన్నపిల్లల పేర్లు కూడా మరిచిపోయాడు. మామ అప్పుడు రిజిస్టరు మూసేశాడు.

మా కూడికల్లో ఒక రివాజు ఉంది. చివరి ప్రార్థనకు ముందు, మనసులో బరువున్నవాళ్లు లేచి అందరి ముందు చెప్పుకుంటారు. అందరూ వాళ్లకోసం ప్రార్థిస్తారు. ఆ సాయంత్రం మామ లేచాడు. "సంఘం నా మీద పెట్టిన పని నేను పాడు జేసిన. ఎట్ల పోయినయో నాకు యాది లేదు. నన్ను మన్నించున్రి" అన్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరూ ఆయన మతికోసం ప్రార్థించారు. నేను కూడా ఆమెన్ అన్నాను.

ఆ తర్వాత మామ మారిపోయాడు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశాడు. సిలిండర్ మారిస్తే రిజిస్టరు తీయలేదు. "నేను టైపు జెయ్యకనే జేసినట్టు రాసుకున్ననేమో" అని ఒకరోజు కూతురితో అన్నాడట. రోజూ పొద్దున ఉప్పల్ దాకా ఒక్కడే బస్సులో వెళ్లి, మార్కెట్‌లో ఆకుకూరలు తెచ్చి, దార్లో తన రైల్వే స్నేహితుడితో టీ తాగి వచ్చే మనిషి, గేటు దాటడం మానేశాడు. నా భార్య భయపడి ఒక చీటీ రాసి ఆయన చొక్కా జేబులో పెట్టింది. ఆయన పేరు, మా ఇంటి అడ్రసు, ఒక ఫోన్ నంబరు. చొక్కా మార్చినప్పుడల్లా ఆయనే ఆ చీటీ తీసి కొత్త చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

పది రోజులకు సజ్జ మీది డిస్కు ఒకటి గరగరమని చప్పుడు చేయసాగింది. మార్చాలి. ముందు అన్ని కంప్యూటర్ల నుంచి దాన్ని విడదీయాలి. చర్చి పక్కన ఉండే తెలిసినవాళ్లను చూడడానికి మామ నా భార్యతో వెళ్లాడు. ఆయన కంప్యూటర్ మీది గుడ్డ తీసి, విడదీసి, సరిగా విడిందో లేదో అని ఆ రోజు ఎందుకో 'ఇల్లు' తెరిచి చూశాను. ఖాళీగా ఉండాలి. నూట నలభై మూడు పాటలున్నాయి.

అర్థం కావడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. ఇదే నా పని కదా. తగిలించిన ఫోల్డరు పైన మూతలా కూర్చుంటే అడుగునున్నవి కనిపించవు. కేబుల్ లాగిన రోజు నేనే మూత పెట్టాను. రిజిస్టరు తీసి చూశాను. మొదటి రోజు నుంచి ఒక్క లెక్కా తప్పలేదు. రోజూ దాచాడు, రోజూ మూసి తెరిచి చూశాడు, రోజూ రాశాడు. పరీక్షించి చూడనిది నేనొక్కణ్ణే. మంచం మీద కూర్చుండిపోయాను.

వాళ్లు వచ్చేలోపు నేను చేసిన పని ఇది. సజ్జ మీద కొత్త డిస్కు బిగించి, పాటలన్నీ అందులోకి ఎక్కించాను. అడుగునున్నవాటిని తుడిచేశాను. పన్నెండు పాటలు తీయడానికి నాలుగు నెలలు తీరిక దొరకనివాణ్ణి, నా తప్పు ఆనవాళ్లు తీయడానికి పది నిమిషాల్లో తీరిక చేసుకున్నాను. గేటు చప్పుడైంది. "మామా, దొరికినయ్!" అని అరిచాను.

నా భార్య చెప్పులు విప్పుతూ "ఎట్ల దొరికినయ్?" అంది.

చెప్పడానికి అదే సమయం. నోట్లో మాట కూడా ఉంది. "రికవర్ చేసిన" అన్నాను.

ఆ ఒక్క ముక్కతో నేను దొంగనయ్యాను. మామ గోడ పట్టుకుని నిలబడి ఏడ్చాడు. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "నేను పోగొట్టినయి నువ్వు దెచ్చినవ్ బిడ్డా" అన్నాడు. తర్వాతి శుక్రవారం కూడికలో నాకోసం ప్రత్యేకంగా స్తుతి ప్రార్థన చేశారు. పాస్టరుగారు నా భుజం తట్టారు. నేను తల వంచుకున్నాను, అది వినయం అనుకున్నారు.

పాటలు దొరికాయి కదా, ఇక ఏముంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఉంది. పాటలు తిరిగొచ్చాయి గానీ మామకు తన మీద తనకు నమ్మకం తిరిగి రాలేదు. దొరకడంతో ఆయనకు తన తప్పు మరింత రూఢి అయింది. నిజంగా టైపు చేశాడు, నిజంగా తుడిచేశాడు, తుడిచేసినట్టు యాదిలేదు. అన్నకు కూడా ఇలాగే మొదలైందని కూతురితో అన్నాడు. తనే అడిగాడు, దవాఖానాకు తీసుకుపొమ్మని.

తీసుకెళ్లింది నేను. నా స్కూటర్ మీద, ఉప్పల్ మెట్రో స్టేషన్ దాటాక ఉన్న ఒక నరాల డాక్టరు దగ్గరికి. దారి పొడుగునా నా చొక్కా పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు ఈ రోజు ఏ వారం అని అడిగారు, చెప్పాడు. మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి అడిగారు, రెండు చెప్పాడు. నూరులోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంటే, ఎనభై ఆరు దగ్గర ఆగి, భయంతో నా మొహం చూశాడు. రైళ్ల టైములు, సిగ్నళ్ల నంబర్లు ఇప్పటికీ వరసగా చెప్పే మనిషి.

"ఎందుకు అనుమానం వచ్చింది మీకు?" అని అడిగారు డాక్టరు.

"నెలల కష్టం ఒక్క నొక్కుడుతోని పోగొట్టిన సార్. నొక్కినట్టు గూడ యాదిలేదు. మా అల్లుడు మల్ల తీసిండు."

డాక్టరు నా వైపు తిరిగారు. "ఇలా ఎన్నిసార్లు జరిగిందండీ?"

"ఒక్కసారే సార్" అన్నాను.

అడగ్గానే వచ్చేసింది ఆ జవాబు, తడుముకోకుండా. డాక్టరు రాసుకున్నారు. వయసు కదా, గమనిస్తూ ఉండండి, ఒంటరిగా దూరాలు పంపకండి అని చెప్పి బలానికి మాత్రలిచ్చారు. వచ్చేటప్పుడు మామ మళ్లీ నా చొక్కా పట్టుకున్నాడు. ఆ పట్టు నాకు ఇప్పటికీ వీపు మీద తెలుస్తుంది.

వానలు మొదలయ్యాయి. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజనం. ఎవరితోనైనా పేచీ ఉంటే ముందు పోయి సమాధానపడి రావాలని, తప్పు దాచుకుని రొట్టె ముట్టకూడదని పాస్టరుగారు ఎప్పుడూ చెప్పే మాటే ఆ రోజూ చెప్పారు. నేను ముట్టాను. ముట్టకపోతే పక్కన కూర్చున్న నా భార్య ఎందుకని అడుగుతుందని ముట్టాను. నా భక్తి అంతవరకే.

ఇంటికొచ్చాక భోజనాలకు ముందు మామ ఒక కాగితం తెచ్చాడు. పుస్తకానికి ముందుమాట. పెన్నుతో రాశాడు. "నేను మల్ల కంప్యూటర్ ముట్ట. నువ్వు కొట్టు బిడ్డా" అన్నాడు. ఆయన గదిలోనే, గుడ్డ తీసి కూర్చున్నాను. ఊరి పేరు కొట్టాను. పాటలు కట్టిన ఆడవాళ్ల పేర్లు, ఆయనకు గుర్తున్నన్ని, ఒక్కొక్కటే కొట్టాను. చివరి పేరాకు వచ్చాను. 'నా మతిమరుపు వల్ల ఈ పాటలన్నీ పోగా, మా అల్లుడు తన తెలివితో తిరిగి తెచ్చి ఇచ్చినాడు. దేవునికి, ఆయనకు నా వందనాలు.'

'నా మతిమరుపు' దాకా కొట్టాను. అంతకుమించి వేళ్లు కదల్లేదు. ఇన్నాళ్లు ఆయన నోట విన్నదాన్ని నా చేతులతో అచ్చుకు పంపాలి. ఆ పాటలు పాడే ప్రతి ఇంట్లో అది ఉంటుంది.

"మామా, నువ్వు డిలీట్ జెయ్యలేదు" అన్నాను. "తప్పు నాది." తెర మీద నుంచి చూపు తిప్పకుండా మొత్తం చెప్పాను. వైఫై, తగలకపోవడం, అడుగు ఫోల్డరు, కేబుల్, అన్నీ.

మామ శాంతంగా విన్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు. "నా మనసు కష్టపడ్తదని గిట్లంటున్నవ్. నువ్వు మంచోనివి బిడ్డా. కానీ నేను తట్టుకుంట, ఫికర్ జెయ్యకు."

నాకు అక్కడే భూమి చీలితే బాగుండుననిపించింది. నిజం చెప్పి కూడా మంచివాణ్ణి అవుతున్నాను. లేచి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. వెనకనుంచి కేబుల్ పీకాను. కంప్యూటర్ ఆపించి మళ్లీ వేయించాను, ఆయన చేతులతోనే. "ఇప్పుడు 'ఇల్లు' తెరువు. ఏదన్న ఒక లైను కొట్టి సేవ్ జెయ్యి."

భయపడుతూ ఒక్క వేలితో ఏదో కొట్టాడు, దాచాడు, మూసి తెరిచి చూశాడు. అలవాటు పోలేదు. ఉంది. అప్పుడు కేబుల్ పెట్టి, ఆపి, మళ్లీ వేయమన్నాను. 'ఇల్లు' తెరిచాడు. ఆయన కొట్టిన లైను లేదు. మళ్లీ కేబుల్ పీకించాను. లైను వచ్చింది.

మామ నన్ను పక్కకు జరగమని చేత్తో సైగ చేసి, తనే వంగి కేబుల్ పెట్టాడు, ఆపాడు, వేశాడు, చూశాడు. పీకాడు, ఆపాడు, వేశాడు, చూశాడు. మూడుసార్లు. ఒక సిగ్నల్ ఎందుకు చెడిందో కనిపెట్టే మనిషి మొహం అది, రెండు నెలల తర్వాత చూశాను. తర్వాత అలమారలోంచి రిజిస్టరు తీసి, పాత పేజీలు తిరగేసి, వేలితో ఒక్కొక్క లైను కిందికి జరుపుకుంటూ చదివాడు. ఉన్నయ్. ఉన్నయ్. ఉన్నయ్.

నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు, చేతిలో అన్నం గిన్నె ఉంది.

మామ రిజిస్టరు మూసి నన్ను చూశాడు. గొంతు పెంచలేదు.

"దవాఖానాకు పోయిన దినం, నీకు ఎర్కేనా?"

అబద్ధం ఆడడానికి ఇంకా చోటుంది. ఆ తర్వాతే తెలిసిందని అనొచ్చు, ఆయన నమ్ముతాడు.

"ఎర్కే మామా."

నా భార్య గిన్నె బల్ల మీద పెట్టింది. నేను కాళ్ల మీద పడబోతే మామ వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. "కూడికల అందరి ముందట నేను ఒప్పుకున్న. వచ్చే శుక్రారం గదే కూడికల మీరు ఒప్పుకోవాలె" అన్నాడు. మీరు అన్నాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

ఒప్పుకుంటానన్నాను. శుక్రవారం ఒప్పుకున్నాను కూడా, లేచి నిలబడి, చాపల మీద కూర్చున్న అందరి ముందూ. అది మామకు 'ఎర్కే' అని చెప్పినంత కష్టం కాలేదు.

ఆ ఆదివారం మామ అన్నానికి కూర్చోలేదు. చెప్పులేసుకున్నాడు. గోడ మేకుకున్న కూరల సంచీ, ఎన్నాళ్లనుంచో అక్కడే వేలాడుతున్నది, తీసి దులిపాడు. "నాయినా, ఒక్కనివే యాడికి? నేనొస్త" అంది నా భార్య.

"ఉప్పల్ దాకా. ఒక్కన్నే పోతా."

గుమ్మం దగ్గర ఆగి, చొక్కా జేబులోంచి చీటీ తీశాడు. మడతలు పడి, చెమటకు అంచులు మెత్తబడి ఉంది. నా చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు. గేటు దాటి, బస్టాపు వైపు తిరిగేదాకా చూశాను. తర్వాత చీటీ విప్పాను. ఆయన పేరు, మా ఇంటి అడ్రసు. కింద నా భార్య రాత: 'ఈ పెద్దాయన దారి మరిచిపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' ఆ నంబరు నాది.